మత్తులో ఉన్న మనిషికి థర్మోస్టాట్

ఆపరేషన్ థియేటర్ అనగానే మనకి కత్తులు, దీపాలు, గుండె లయని గీతగా గీసే మోనిటరు గుర్తుకొస్తాయి. ఆ మోనిటరు మీద ఒక మూల ఇంకో అంకె కూడా ఉంటుంది. అది రోగి ఒంటి ఉష్ణోగ్రత. కంట్రోల్ సిస్టమ్స్ కొంచెం చదువుకున్న వాళ్ళకి ఈ అంకె వెనక కథ నచ్చుతుంది.

మెదడులోని హైపోథాలమస్ మన ఒంటికి థర్మోస్టాట్. లోపలి వేడిని 37 సెల్సియస్ డిగ్రీల దగ్గర, దాదాపు 0.2 డిగ్రీల వెడల్పున్న రెండు గీతల మధ్య నిలబెడుతుంది. పై గీత దాటితే చెమట పడుతుంది. కింది గీత దాటితే చర్మంలోని రక్తనాళాలు ముడుచుకుంటాయి, ఇంకా తగ్గితే వణుకు పుడుతుంది. పూర్తి మత్తు ఇచ్చాక పై గీత కాస్త పైకి, కింది గీత బాగా కిందికి జరిగి ఆ వెడల్పు 2 నుంచి 4 డిగ్రీలు అవుతుంది. మన భాషలో చెప్పాలంటే డెడ్‌బ్యాండ్ పెరిగిపోయింది. ఒళ్ళు చల్లబడుతున్నా థర్మోస్టాట్ పట్టించుకోదు.

మొదటి గంటలోనే లోపలి వేడి 1 నుంచి 1.5 డిగ్రీలు పడిపోతుంది. ఇదంతా గదిలో ఏసీ మహిమ అనుకుంటాం కానీ, ఎక్కువ భాగం అది కాదు. కాళ్ళూ చేతులూ ఎప్పుడూ కాస్త చల్లగానే ఉంటాయి. మత్తుతో రక్తనాళాలు విచ్చుకోగానే లోపలి వేడి వాటిలోకి పారుతుంది. వేడి ఒంట్లోనే ఉంది, చోటు మారిందంతే! అందుకే మత్తు ఇవ్వకముందే ఓ అరగంట కాళ్ళూ చేతులూ వెచ్చబెడితే మేలు. తర్వాత మొదలుపెడితే, పడిపోయిన వేడిని తిరిగి తేవడానికి చాలాసేపు పడుతుంది.

36 డిగ్రీల కంటే తగ్గితే ఏమవుతుంది? పెద్దపేగు శస్త్రచికిత్స చేయించుకున్న 200 మంది మీద జరిపిన పరిశోధన ఒకటి 1996లో అచ్చయింది. 34.7 డిగ్రీల దాకా చల్లబడ్డ వాళ్ళలో 19 శాతం మందికి గాయం చీము పట్టింది. వెచ్చగా ఉంచిన వాళ్ళలో 6 శాతం మందికే. అలాగని 37 కోసం పంతం పట్టక్కరలేదు. 2022లో వెలువడ్డ ప్రొటెక్ట్ అనే పరిశోధనలో 5,056 మందిని చూశారు. 35.5 దగ్గర ఉంచినా 37 దగ్గర ఉంచినా గుండె దెబ్బతినడంలో గాని, గాయం చీము పట్టడంలో గాని చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

ఇక కొలవడం. నుదుటి మీద థర్మామీటరు పెడితే తెలిసేది చర్మం వేడి, లోపలిది కాదు. నమ్మదగ్గ చోటు అన్నవాహిక కింది భాగం. మత్తులో ఉన్న వాళ్ళకి పరవాలేదు కాని, మెలకువగా ఉన్న వాళ్ళ గొంతులోకి గొట్టం దింపితే ఊరుకుంటారా? దీనికి ఒక చక్కని ఉపాయం ఉంది. నుదుటి మీద ఒక అట్టలాంటి పొర అతికించి, దానికి కిందా పైనా ఒక్కొక్క సెన్సరు, అన్నిటికన్నా పైన చిన్న హీటరు పెడతారు. రెండు సెన్సర్లూ ఒకే అంకె చూపేదాకా హీటరు వేడిని సర్దుతారు. అంకెలు కలిశాయంటే నుదుటి నుంచి వేడి బయటికి పోవటం లేదన్న మాట. కొద్ది నిమిషాల్లో చర్మం వేడి లోపలి వేడితో సమానమవుతుంది. లోపలికి ఏమీ దించకుండానే లోపలి సంగతి తెలిసింది!

వెచ్చబెట్టడానికి ఎక్కువగా వాడేది వేడిగాలి దుప్పటి. చాలా యంత్రాలు అదుపు చేసేది గొట్టంలో గాలి వేడినే, రోగి వేడిని కాదు. ఆ అంకె చూసి మీట తిప్పే మత్తు డాక్టరే అసలైన ఫీడ్‌బ్యాక్. దుప్పటి తగిలించకుండా ఉత్త గొట్టాన్నే ఒంటి మీదకి వదిలితే చర్మం కాలిపోతుంది.

అరుదుగా ఉష్ణోగ్రత తలకిందులుగా నడుస్తుంది. కొందరి కండరాలు జన్యులోపం వల్ల, పీల్చే మత్తువాయువులకి అదుపు లేకుండా మండుతాయి. దీన్ని మాలిగ్నెంట్ హైపర్‌థెర్మియా అంటారు. పేరులో వేడి ఉన్నా, చాలాసార్లు ముందు పెరిగేది ఊపిరిలోని కార్బన్ డైఆక్సైడ్. ఒళ్ళు వేడెక్కడం ఆ తర్వాత. మందు డాంట్రోలీన్. ఇది వంశపారంపర్యం కనుక రక్తసంబంధీకులెవరికైనా మత్తులో ఇలా జరిగి ఉంటే, ఆ సంగతి డాక్టరు అడగకముందే చెప్పాలి.