బైరిగయు తిత్తియు

వేసవి రాత్రులయందు సిద్దిపేట జిల్లా అక్కన్నపేట చుట్టుపట్ల ఊళ్లలో అప్పుడప్పుడు ఎడతెగని యొక ఘోష దూరమునుండి వినవచ్చును. అది చెవిసోకిన రైతు, ఎవరి చెలకలో బోరు బండి నిలిచినదో, ఎన్ని అడుగులు దిగినదో, తడి తగిలినదో లేదో యని పడకపై లేచి కూర్చుండును. 2016 అక్టోబరులో జిల్లాలు పునర్విభజింపబడువరకు కరీంనగరు జిల్లా హుస్నాబాదు మండలములో నొక గ్రామమై యుండి, అటుపిమ్మట తానే మండలకేంద్రమైన యీ యూరి క్రింద నున్నది దక్కను పీఠభూమి కఠినశిల. ఆ శిల పగుళ్లలోనే నీరు దాగియుండును గాన, ఇక్కడి సేద్యమునకు రాతిని తొలుచుట విధిగ వచ్చిన విద్య.

బండి దగ్గర నిలిచి చూచిన వానికి అందు రెండు యంత్రములు కానవచ్చును: తొలుచునది యొకటి, గాలిని కుదించునది మరియొకటి. కుదింపబడిన గాలి ఇనుప గొట్టముల వరుసగుండ పాతాళమునకు దిగి, అట్టడుగుననున్న సుత్తెలోని ముషలకమును (పిస్టనును) నిమిషమునకు వందలకొలది సార్లు కొట్టించును. ఆ సుత్తె కొననున్న బిట్టు ముఖమునకు పొదిగిన టంగ్‌స్టన్ కార్బైడు గుండ్లు రాతిని పిండిచేయును. పని తీరిన గాలి వెడలిపోవుచు, ఆ పిండిని గొట్టమునకును రాతిగోడకును నడిమి సందున పైకి చిమ్మును. చుట్టునున్న చెట్లు బూడిదవన్నె దాల్చును. ఆ దుమ్ము ఒక్కుమ్మడి నిలిచి, బురదయై జారినప్పుడు గట్టున కూర్చున్న యింటిల్లిపాది ముఖములలో కలుగు మార్పును చూచినవారు మరువజాలరు.

పెరటి రేకుల పాకలో చిన్న కార్ఖానా పెట్టుకొని, ఒక బెంచి డ్రిల్లును ఒక కంప్రెసరును స్వల్ప వ్యయముతో కొనదలచిన గృహస్థు, దుకాణమునకు పోవుటకు ముందు ఈ బండిని తనివిదీర పరికింపవలెనని నా మనవి. ఆ రెండు యంత్రముల జాతకమంతయు అక్కడ బయలుపడుచున్నది: తొలుచుట కంటె తొలిచినదానిని వెలికి తెచ్చుట కష్టము.

తొలుచు విద్య మన ఉపఖండమున కడు ప్రాచీనము. బెలూచిస్థానములోని మెహర్‌గఢ్ శ్మశానవాటికలో దొరికిన మానవ దంతములలో, ఏడున్నర వేలనుండి తొమ్మిది వేల యేండ్లకు పూర్వమే, బ్రదికియున్న మనుష్యుల నోట చెకుముకిరాతి మొనతో తొలిచిన సన్నని బెజ్జములు కనబడినవి. మన వడ్రంగుల బైరిగ ఆ వంశములోనిదే. కదురునకు త్రాడు చుట్టి, విల్లును ముందునకు వెనుకకు లాగిన కొలదియు మొన ఇటునటు తిరుగును. కొయ్యకు ఇది చాలును. ఇనుమునకు చాలదు; ఏలయన, మొన ఎంత పదునైనదైనను, చెక్కిన పొట్టు బెజ్జము నడుగుననే నిలిచి, వేడెక్కి, మొననే తినివేయును. బల్లపరుపు మొనల కాలమున పనివాడు మాటిమాటికి కదురును పైకెత్తి పొట్టును దులుపుకొనవలసి వచ్చెడిది. 1863లో అమెరికాలో స్టీఫెన్ మోర్స్ అను యంత్రకారుడు పేటెంటు పొందిన మెలికల బిట్టు ఈ చిక్కును విడదీసెను. దాని దేహమున చుట్టుకొని పోయిన రెండు గాడులగుండ పొట్టు తనంతట తానే పైకెక్కివచ్చును. నేడు హుస్నాబాదు హార్డువేరు దుకాణములో కొను బిట్టు ఆ మెలికల బిట్టే. బిట్టు కాడను కదురులో బిగించు వాలునకు ఇప్పటికిని మోర్స్ టేపరు అనియే పేరు.

ఇక కంప్రెసరునకు పూర్వజమగు తిత్తి చరిత్ర తెలుగు నేలకు ఇంకను దగ్గరిది. నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రములో మూసలలో కరగించిన ఉక్కు కొరకు పారశీక వర్తకులు వచ్చి విడిది చేయుచుండిరని, 19వ శతాబ్దపు తొలిపాదమున ఆ ఊరు చూచిన వాయిసీ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు వ్రాసియున్నాడు. ఆ ఉక్కు వెనుక నున్నది తోలుతిత్తుల ఊపిరి. ఒకటి నిండుచుండగా మరియొకటి ఊదవలెను. లేనిచో కొలిమి చల్లారును. తోలునకు తట్టుకొను శక్తి స్వల్పము గనుక, 18వ శతాబ్దపు ఉత్తరార్ధమున ఇంగ్లండు, స్కాట్లండు దేశముల ఇనుప కొలుములలో తిత్తి స్థానమును పోత ఇనుప స్తూపకము (సిలిండరు) ఆక్రమించెను, అందు ముషలకము ఆడెను, కంప్రెసరు పుట్టెను.

ఈ రెండు వంశములకును వియ్యము కుదిరినది ఆల్ప్స్ పర్వతగర్భమున. ఫ్రాన్సు, ఇటలీల నడుమ సుమారు 13 కిలోమీటర్ల ఫ్రెజూ సొరంగమును 1857లో చేతి ఉలులతో ఆరంభించిరి. అంత లోతున ఆవిరియంత్రము పెట్టినచో పొగకు కూలీల ప్రాణములు పోవును. సోమెయ్యే అను యింజనీరు కొండవాగు నీటిబలముతో గాలిని కుదించి, గొట్టములద్వారా సొరంగములోనికి పంపి, 1861 నుండి దానితో రాతి డ్రిల్లులను నడపించెను. పనిచేసి వెడలిన గాలియే కూలీలకు ఊపిరి యయ్యెను. 1871 సెప్టెంబరులో సొరంగము తెరువబడెను. దానికి రెండు నెలల ముందే సోమెయ్యే కన్నుమూసెను. ఆ సంగతి తలచినప్పుడెల్ల నా మనస్సు బరువెక్కును.

ఆ వియ్యపు సంతతియే మన చెలకలకు వచ్చినది. మొదట ట్రాక్టరుకు తగిలించిన కంప్రెసర్లు వచ్చి, ఎండిన మోటబావులలో తూటాలు పెట్టుటకు రంధ్రములు తొలిచినవి. ఆపై బోరు బండ్లు. ఆపై నీరు తోడు కంప్రెసరు మోటార్లు. ఈ కడపటివానిని ఇప్పటి పిల్లలు చూచియుండరు. బోరులోనికి సన్నని గొట్టమున గాలిని దింపినచో, బుడగలు కలిసిన నీరు తేలికయై, వెలుపలి నీటి బరువుచే మరియొక గొట్టమున పైకెగబ్రాకును. నీటిలో తిరుగు భాగమే లేదు గనుక ఇసుక దాని నేమియు చేయజాలదు. కాని విద్యుచ్ఛక్తి వ్యయము మిక్కుటము. సబ్‌మెర్సిబుల్ మోటార్లు వచ్చి దానిని మూలకు నెట్టినవి.

ఇక కొనుగోలు మాట. కరీంనగరు, సిద్దిపేట, హనుమకొండ దుకాణములలో దొరకని సరకు సికింద్రాబాదు రాణిగంజ్‌లో దొరకును. ఎక్కడ కొనినను డ్రిల్లుపై అతికించిన అశ్వశక్తి అంకెను చూచి మోసపోరాదు. ఇంటి పనికి అర అశ్వశక్తియే సమృద్ధి. చక్‌ను క్రిందికి పూర్తిగ దింపి, చేతితో పట్టి ప్రక్కలకు ఊపిచూడుడు. కదలిక వ్రేళ్లకు తెలిసినచో ఆ యంత్రము ఎంత చవుకైనను వలదు. పిమ్మట క్రొత్త నిడుపాటి బిట్టును బిగించి, దాని ప్రక్కన సూదిని నిలిపి, చేతితో మెల్లగ త్రిప్పుడు. సందు హెచ్చుతగ్గు లగుచున్నచో బెజ్జము గుండ్రముగ రాదు. మూడవది వేగమును మార్చు బెల్టు మెట్లు. మెత్తని ఇనుమునకు హైస్పీడు ఉక్కు బిట్టు అంచు నిమిషమునకు సుమారు 25 మీటర్లు నడచుట మేలు. ఈ లెక్కను 3 మిల్లీమీటర్ల బిట్టు నిమిషమునకు రమారమి 2,650 చుట్లు, 13 మిల్లీమీటర్లది 600 చుట్లు మాత్రమే తిరుగవలెను. కావున మీద వేగమెంతయని గాక, అడుగు మెట్టున వేగమెంతయని అడుగుడు. చేతి డ్రిల్లును స్టాండుకు బిగించి సరిపెట్టుకొన్నవారు పెద్ద బిట్లను నీలివన్నెకు కాల్చుకొనుట ఈ లెక్క తప్పినందువలననే.

కంప్రెసరు విషయమున ఇంతకన్న జాగరూకత కావలెను. ఎనిమిది వాతావరణముల పీడనమునకు గాలిని కుదించుటలో ఒక అశ్వశక్తికి నిమిషమునకు సుమారు నాలుగు ఘనపుటడుగుల కంటె ఆశింపరాదు. రెండు అశ్వశక్తుల యంత్రముపై పండ్రెండని వ్రాసియున్నచో, అది ముషలకము కదలిన పరిమాణమే గాని వెలికివచ్చు గాలి గాదు. పెద్ద బోరు బండి కంప్రెసరు వేయి ఘనపుటడుగులకు పైబడి ఊదుచుండగా, ఇంటి యంత్రము దానిలో నూరవ వంతైనను ఊదలేదు. చక్రములకు గాలి నింపుటకు, దుమ్ము ఊదుటకు ఒక అశ్వశక్తి చాలును. రంగుల స్ప్రే గన్నునకు రెండు ఉండవలెను. గాలితో తిరుగు గ్రైండరు ఆశను మాత్రము విడిచి, కరెంటు గ్రైండరు కొనుటయే మేలు. మరియు పల్లెలో వోల్టేజి సంగతి మరువరాదు. మోటారు మెలిబలము వోల్టేజి వర్గమును అనుసరించును. 230 రావలసినచోట 160 వచ్చినచో బలము సగమునకు పడిపోవును, నిండిన పీడనమునకు ఎదురుగ మోటారు మూలుగుచు నిలిచి కాలిపోవును. ఆగినప్పుడెల్ల తలలోని గాలిని బుస్సుమని విడుచు వాల్వు ఉన్నదో లేదో దుకాణములోనే ఆడించి వినుడు.

కంప్రెసరు తల పాతదైనను రింగులు మార్చి వాడుకొనవచ్చును. ట్యాంకు మాత్రము పాతది కొనరాదు. ఒక్క లెక్క చెప్పెదను: ముప్పది సెంటీమీటర్ల వ్యాసముగల ట్యాంకు మూతపై, చదరపు సెంటీమీటరునకు ఎనిమిది కిలోల పీడనమున పడు బలము అయిదున్నర టన్నులకు పైమాట. ఆ బలమును ఓర్చుచున్నది కొలది మిల్లీమీటర్ల రేకు. ఆ రేకును లోపలినుండి త్రుప్పు తినుచుండును. గాలి కుదింపబడినప్పుడు దానిలోని తేమ ఇమడక నీరగును. వానకాలమున నూరు లీటర్ల ట్యాంకు ఒక్కసారి నిండినచో పది గ్రాములకు పైగ నీరు అడుగున చేరును. పైన రంగెంత నిగనిగలాడినను ఆ నీటి సంగతి తెలియదు. ట్యాంకు క్రింది డ్రెయిను మర వంగి తిప్పుటకు అందునట్లున్నదో లేదో చూచుకొని, సేఫ్టీ వాల్వు ఉంగరమును లాగి అది విడుచుచున్నదని తెలిసికొని, అప్పుడు డబ్బు చెల్లింపుడు.

సాయంకాలము పని ముగించి, మోటారు ఆపి, పీడనము కొంత తగ్గనిచ్చి, ఆ మరను మెల్లగ వదలుచేయుడు. మొదట చీదినట్లు గాలి, వెంటనే కాఫీ వన్నె నీరు, చివర మరల పొడిగాలి వచ్చును. ఆ పొడిగాలి చప్పుడు చెవికి స్పష్టముగ వినబడిన తరువాత మరను బిగించి, డ్రిల్లు బల్లపైని మెలికల పొట్టును కుంచెతో ఊడ్చి, పాక తలుపు వేయవచ్చును.