పోలిక గల గడియారములు, ఒక్క బిట్టు తేడా

విద్యుత్తు పోయినను కంప్యూటరు తేదీని మరచిపోదు. దానిలో బొత్తామంత బ్యాటరీ ఆధారముతో నడిచే చిన్న గడియారపు చిప్పు ఉండుటే ఇందుకు కారణము. ఆ చిప్పునకు సెకనుకు 32,768 సార్లు కంపించే క్వార్ట్జు స్ఫటికమును జత చేస్తారు. ఈ సంఖ్యను వరుసగా 15 సార్లు సగము చేసి చూడండి. సరిగా ఒకటి మిగులుతుంది. అదే ఒక సెకను.

చిప్పుతో మాట్లాడే ప్రోగ్రామును డ్రైవరు అంటారు. కంప్యూటరులోని భాగములన్నిటినీ నడిపే మూల ప్రోగ్రాము కెర్నెల్. లినక్సు కెర్నెల్‌లో డీఎస్ 1307 అనే చిప్పు పేరిట ఒక డ్రైవరు ఉన్నది. జేమ్స్ చాప్‌మన్ చేసిన పనిని ఆధారము చేసికొని 2006లో డేవిడ్ బ్రౌనెల్ దీనిని వ్రాశాడు. తరువాత అనేకులు దీనిని విస్తరించగా, పోలిక గల ఇతర చిప్పులను కూడ ఇదే నడుపుతున్నది. పోలిక ఉన్నచోట కొత్త డ్రైవరు వ్రాయుట దండుగ. అయితే పోలిక ఎంతవరకు?

డీఎస్ 1307లో సెకన్లు, నిమిషములు, గంటలు, వారము, తేదీ, నెల, సంవత్సరము అని ఏడు గడులు వరుసగా ఉంటవి. ఒక్కొక్క గడిలో ఎనిమిది బిట్లు. పదుల అంకెను, ఒకట్ల అంకెను వేరువేరుగా వ్రాస్తారు: 45 సెకన్లు అంటే 0100 0101. సెకన్లు 59ని దాటవు గనుక పదుల అంకెకు మూడు బిట్లు చాలును. మొదటి బిట్టు మిగిలిపోతుంది. దానిని గడియారమునకు మీటగా వాడుకొన్నారు. అది 1 అయితే గడియారము ఆగుతుంది, 0 అయితే నడుస్తుంది.

మైక్రోచిప్ సంస్థవారి ఎంసీపీ 79410లో కూడ ఈ ఏడు గడులే, ఈ వరుసయే. కాని మీట తలక్రిందు. 1 అయితేనే నడుస్తుంది. పాత డ్రైవరుకు దీనిని అప్పగిస్తే, సమయము దిద్దిన ప్రతిసారి గడియారమును ఆపివేస్తుంది!

ఈ తప్పు వెంటనే బయటపడుతుంది గనుక భయము లేదు. అసలు చిక్కు వారము గడిలో ఉన్నది. వారమునకు మూడు బిట్లు చాలును. నాల్గవ బిట్టును ఎంసీపీలో బ్యాటరీని కలిపేందుకు ఉంచారు. డ్రైవరు ఆ సంగతి తెలియక వారము సంఖ్యను మాత్రమే వ్రాస్తే బ్యాటరీ సంబంధము తెగిపోతుంది. సిరికొండలో పసుపు తూచి రసీదు ఇచ్చే చిన్న కంప్యూటరులో ఈ చిప్పు ఉన్నదనుకొందాము. విద్యుత్తు ఉన్నంతసేపు అంతా సవ్యమే. ఒక రాత్రి కరెంటు పోయిందా, మరునాటి రసీదులపై తప్పు తేదీ పడుతుంది. ధర రోజురోజుకు మారే సరుకుకు అది చిన్న నష్టము కాదు.

చిరునామానుబట్టి చిప్పును గుర్తించరాదా? డీఎస్ 1307, డీఎస్ 3231 రెండింటి చిరునామా 104 అనే సంఖ్యయే. మొదటిదానిలో 15వ సంఖ్య గల గడి ఎవరైనను వాడుకొనదగిన జ్ఞాపకశక్తి. రెండవదానిలో గడియారము ఎప్పుడైనా ఆగినదా అని చెప్పే స్థితి గడి. కనుక చిప్పు పేరును డ్రైవరుకు ముందుగానే తెలుపవలెను.

విస్తరణ అంటే డ్రైవరులోని పట్టికలో కొత్త పేరు చేర్చి, వ్రాసేటప్పుడు ఏ బిట్లు తప్పక 1గా ఉండవలెనో చెప్పుట. ఆ పైన బ్యాటరీ అమర్చి, సమయము దిద్ది, విద్యుత్తు తీసివేసి ఒక రాత్రి ఉంచి, తెల్లవారి తేదీ చదవవలెను. పాత చిప్పుతో కూడ ఇదే పరీక్ష చేయవలెను.