ఉద్యోగాలు వెదికే యంత్రం ఏం చూస్తుంది?

మీ ఇంట్లో కూర్చుని "పైథాన్, రిమోట్" అని రెండు మాటలు కొట్టండి. రెప్పపాటులో ఉద్యోగ ప్రకటనలు బారులు తీరి తెరమీద వాలతాయి. పైథాన్ అంటే ఇక్కడ కొండచిలువ కాదు, కంప్యూటరుకు పని చెప్పే ఒక భాష. రిమోట్ అంటే ఆఫీసుకు వెళ్ళకుండా ఇంటినుంచే చేసే పని. మా రోజుల్లో ఉపాధి కల్పనా కార్యాలయం ముందు పొద్దుటినుంచీ వరుసలో నిలబడేవాళ్ళం లెండి! మరి అన్ని ప్రకటనలనూ యంత్రం ఆ రెప్పపాటులోనే చదివేసిందా?

లేదు, ముందే చదివి పెట్టుకుంది. "సాలెపురుగులు" అనే ప్రోగ్రాములు లింకులు పట్టుకుని ఒక పేజీనుంచి మరో పేజీకి పాకుతూ ఉంటాయి. అవి తెచ్చిన పేజీల్లోని ప్రతి మాటకూ యంత్రం ఒక చీటీ రాసుకుంటుంది. మీరూ చేసి చూడండి. నాలుగు ప్రకటనలు ఉన్నాయనుకుందాం. ఒకటోది: పైథాన్, హైదరాబాదు ఆఫీసులో పని. రెండోది: పైథాన్, రిమోట్. మూడోది: జావా, రిమోట్. నాలుగోది: పైథాన్, రిమోట్, అనుభవం అక్కర్లేదు. ఇప్పుడు "పైథాన్" చీటీ మీద 1, 2, 4 అనీ, "రిమోట్" చీటీ మీద 2, 3, 4 అనీ వేయండి. రెండింటిలోనూ ఉన్నవి 2, 4. లెక్కల్లో సమితుల ఛేదనం అంటామే, అదే ఇది! పేజీలు తిరగేసే పనే లేదు.

ఇందులో ఒక చిక్కుంది. "ఇది రిమోట్ పని కాదు, రోజూ ఆఫీసుకు రావాలి" అన్న ప్రకటన కూడా "రిమోట్" చీటీలోకి ఎక్కేస్తుంది. అందుకని పని ఎక్కడో, జీతమెంతో, గడువెప్పుడో యంత్రానికి విడిగా తెలిసేలా పేజీలో మనకు కనబడని గుర్తులు పెడతారు. ఇలాంటి గుర్తులకు ఉమ్మడి పట్టికను గూగుల్, మైక్రోసాఫ్ట్, యాహూ కలిసి 2011లో మొదలుపెట్టాయి.

నాలుగో ప్రకటన సంగతి చెప్పాలి. మోసపు ప్రకటనల్ని ఏరెయ్యాలని చూస్తారుగాని, కొన్ని జారిపోతాయి. నా దగ్గర చదువుకుని ఇంజనీరింగు పూర్తిచేసిన కుర్రాడొకడు అలాంటిదానికే దరఖాస్తు పెట్టాడు. ఇంటికి ల్యాప్‌టాప్ పంపుతాం, 12 వేలు డిపాజిట్టు కట్టమన్నారు. వాళ్ళ నాన్న పత్తి అమ్మిన డబ్బు కట్టాడు. ల్యాప్‌టాప్ రాలేదు, అవతలివాళ్ళు ఫోనూ ఎత్తలేదు.

"తాళం బొమ్మ కనబడింది కదండీ మాస్టారూ" అన్నాడు పాపం. ఆ తాళానికి అర్థం వేరు. మీకూ ఆ చిరునామాకూ మధ్య నడిచే ఉత్తరాలను దారిలో ఎవరూ విప్పి చదవలేరని మాత్రమే. ఉత్తరం అందుకునేవాడు దొంగ కాడని కాదు.

చూడవలసింది చిరునామా. తపాలావారు కవరును కింది నుంచి చదివినట్లు, దీన్ని మొదటి ఏటవాలు గీత దగ్గర ఆగి కుడినుంచి ఎడమకు చదవాలి. కేంద్ర కార్మికశాఖ 2015లో ప్రారంభించిన ఉద్యోగాల పేజీ ఉంది: ఎన్‌సీఎస్.గవ్.ఇన్. కుడి చివర "ఇన్" అంటే ఇండియా. దాని పక్కన "గవ్" ప్రభుత్వ సంస్థలకే ఇస్తారు. కాని ఆ "ఇన్" తర్వాత మరో చుక్క, ఇంకేదో పేరు, చివర "కామ్" ఉన్నాయనుకోండి, ఆ పేరు కొనుక్కున్నవాడు ఎడమవైపు ఏమైనా రాసుకోవచ్చు! మనవాడు చూసిన చిరునామాలో ఎడమవైపు ఒక పెద్ద కంపెనీ పేరుంది. కుడివైపు చూడలేదు. ఆఫీసు ఉద్యోగమైతే వెళ్ళి భవనమైనా చూసి వచ్చేవాడు. ఇలా డబ్బు పోతే వెంటనే 1930కి ఫోను చెయ్యాలి. సొమ్ము చేతులు మారేలోగా ఆ ఖాతాను ఆపించే వీలుంటుంది. వాడు సిగ్గుపడి నాలుగు రోజులు ఎవరికీ చెప్పలేదు.

ఇక రెండో ప్రకటన నిజమైనదే, న్యూయార్కు కంపెనీది అనుకుందాం. అక్కడి వేళలకే పనిచెయ్యాలంటే, చలికాలంలో వాళ్ళ ఉదయం 9 గంటలు మనకు రాత్రి ఏడున్నర. వేసవిలో వాళ్ళు గడియారాలు ఒక గంట ముందుకు జరుపుతారు. అప్పుడు మీరు ఎన్నింటికి పనిలో కూర్చోవాలో లెక్కకట్టండి.