కావలిపెట్టెయందు వేగమేల తగ్గును?



ఇప్పుడు పల్లెలకును ఫైబరు తీగెలు వచ్చినవి. వానితోపాటు క్రొత్త తగవులును వచ్చినవి. అట్టి తగవొకటి ముందుగ మనవి చేసెదను.

నేనెఱిగిన యొక సహకార సంఘమువారు సెకనుకు 1000 మెగాబిట్ల వేగము గల ఇంటర్నెట్టు కనెక్షనును తీసికొనిరి. ఊరి కుఱ్ఱవాడొకడు ఆ తీగెకును, కచేరీలోని కంప్యూటర్లకును నడుమ ఫైర్‌వాల్ అనబడు చిన్న పెట్టెను అమర్చెను. ఫైర్‌వాలనగా వాకిట నిలిచిన కావలివాడే. నెల తిరుగకముందే ఎవరో వేగమును కొలిచిచూడగా 450 మెగాబిట్లకు మించలేదు. కనెక్షను ఇచ్చినవారు మోసగించిరని కొందఱు, కుఱ్ఱవాడు చవుక సరకును అంటగట్టెనని మఱికొందఱు వాదించిరి. కుఱ్ఱవాని కూలి నిలిచిపోయినది. రుసుము కట్టవలదని తీర్మానము కూడ వ్రాయబడినది. చేవ్రాళ్లు పడకముందు నన్ను పిలిచిరి. ఆనాడు మేము చూచిన విషయములే ఈ ప్రసంగమునకు ఆధారము.

తీగెమీద వచ్చునది ధారగ వచ్చునట్లు తోచును గాని, నిజమునకది చిన్నచిన్న మూటలుగ వచ్చును. వానిని పాకెట్టులందురు. కావలిపెట్టె ఒక్కొక్క మూటను నిలిపి, ఇది ఎక్కడిది, ఎవరికి చేరవలయును, లోనికి రానీయవచ్చునా అని విచారించి, మీది చిరునామాను మార్చి పంపును. ఈ పని చేయు సాఫ్ట్‌వేరులలో పిఎఫ్‌సెన్స్ అనునది పేరొందినది. స్విట్జర్లండు దేశీయుడగు మాన్యుయెల్ కాస్పర్ 2003 లో వెలువరించిన మోనోవాల్ నుండి అది 2004 లో శాఖగ చీలినది. దానినుండి 2015 లో ఓపిఎన్‌సెన్స్ చీలినది. రెండును ఫ్రీబిఎస్‌డి అను ఆపరేటింగు సిస్టముపై నడచునవి. వీని మూలరచన బహిరంగము. లోపల ఏమి జరుగుచున్నదో, తెలిసినవాడెవడైనను తెఱచి చూచుకొనవచ్చును.

దీనిని ఎక్కించుటకు పెద్ద కంప్యూటరు అక్కఱలేదు. స్విట్జర్లండులోని పిసి ఇంజన్స్ అను సంస్థవారి ఎపియు2 అను పెట్టె ఇందుకు మిక్కిలి వాడుకకెక్కినది. దానికి ఫంకా లేదు, చప్పుడు లేదు. వేడిమి అల్యూమినియపు డొప్పగుండ పోవును. చిన్న దీపమునకు కావలసినంత కరెంటే చాలును. దాని తయారీని ముగించుచున్నట్లు ఆ సంస్థవారు 2023 లో ప్రకటించిరి గాని, పనిచేయుచున్న పెట్టెలు నేటికిని అనేకము కలవు. దాని ప్రాసెసరులో నాలుగు కోర్లు, అనగా లెక్కలు చేయు నలుగురు గుమాస్తాలు కలరు. ఒక్కొక్కరి గడియారము సెకనుకు నూఱు కోట్ల మార్లు కొట్టుకొనును.

ఇచ్చటనే లెక్క వేసి చూడవలెను. 1000 మెగాబిట్లనగా సెకనుకు నూఱు కోట్ల బిట్లు. కోరు గడియారమును నూఱు కోట్ల టిక్కులే. కాబట్టి ఒక్క గుమాస్తాయే పని చేసినచో బిట్టునకు ఒక టిక్కు మాత్రము దొరకును. నిండుమూట తీగెమీద 1538 బైట్లు, అనగా 12,304 బిట్లు, ఆక్రమించును. అట్టివి సెకనుకు ఇంచుమించు 81,000 వచ్చును. కనుక మూట యొక్కటికి విచారణ, చిరునామా మార్పు, సాగనంపుట అన్నియు 12,304 టిక్కులలో ముగియవలెను. ఇది కష్టమైనను అసాధ్యము కాదు. అతిచిన్న మూటలైనచో సెకనుకు దాదాపు 14,88,000 వచ్చును, ఒక్కొక్కదానికి 672 టిక్కులే మిగులును. అంతలో విచారణ పూర్తిచేయుట అట్టి గుమాస్తా ఒక్కనికి శక్యము కాదు. వేగమును మెగాబిట్లలో చెప్పుట వ్యాపారపు వాడుక. కావలివానికి మాత్రము బరువు లెక్క కాదు, మూటల లెక్క.

నలుగురు గుమాస్తాలుండగా ఒక్కని మాట ఏల అని మీరడుగవచ్చును. తగవంతయు ఇందే యున్నది. ధాన్యపు మార్కెట్టు యార్డులో నాలుగు కాటాలున్నవనుకొనుడు. ఒక రైతు బస్తాలు వరుస తప్పరాదని, అతని బండ్లన్నియు ఒకే కాటాకు పోవలెనని నియమము. నలుగురు రైతులు వచ్చిన దినమున నాలుగు కాటాలును నడచును. ఒక్క పెద్దరైతు నూఱు బండ్లతో వచ్చిన దినమున ఒక కాటావాడు చెమటలు క్రక్కుచుండ, తక్కిన మువ్వురు చుట్ట కాల్చుకొనుచుందురు. నెట్వర్కు చిప్పు చేయు పంపకము ఇట్టిదే. ఒక సంభాషణకు చెందిన మూటలన్నియు ఒకే వరుసలో, ఒకే కోరునకు చేరును. చిప్పులోని వరుసల సంఖ్యయు చూడవలసినదే. ఇంటెల్‌వారి ఐ210 చిప్పునకు నాలుగు వరుసలు, చవుకదైన ఐ211 కు రెండే. రెండు వరుసలున్నచోట నలుగురు గుమాస్తాలున్నను, మూటలు అందుకొనువారు ఇద్దఱే.

మా సంఘమున ఇంకొక చిక్కు కలదు. వారి కనెక్షను పిపిపిఒఇ అను పద్ధతిపై నడచునది. ఈ పద్ధతిలో ప్రతి మూటపైని మఱియొక గోనె తొడుగుదురు. రైతు పేరు లోపలి సంచిమీద నుండును. పైగోనెను చూచిన పంపకపువాడు పేరు కనరాక, అన్నిటిని మొదటి కాటాకే తోలును. పెట్టెకు నాలుగు కోర్లుండియు వచ్చు సరకంతటికి ఒక్కటే దిక్కగును.

ఇక పరీక్షించు విధానము. ఫోనుతో గాలిలోని వైఫైపై కొలిచిన సంఖ్యను నమ్మి తగవు పెట్టుకొనరాదు. తీగెతోనే కొలువవలెను. సంఖ్య 94 దరిదాపుల నిలిచినచో పెట్టెను శంకింపక కేబులును చూడుడు. 1000 మెగాబిట్లకు కేబులులోని ఎనిమిది తీగెలును కావలెను. ఒకటి తెగినచో అది నాలుగింటితో నడచి, 100 కు దిగిపోవును. పిదప పెట్టెను తప్పించి కంప్యూటరును కొన్ని నిముషములు నేరుగ కనెక్షనునకు తగిలించి కొలువవలెను. మేమట్లు చేయగా 930 వచ్చినది. ఆ సంఖ్యను చూచి తీర్మానము వ్రాసినవారే దానిని మడిచి జేబులో పెట్టుకొనిరి.

పెట్టెను కొలుచుటకు దాని కిరుప్రక్కల రెండు కంప్యూటర్లు పెట్టి, ఐపెర్ఫ్ అను కొలత సాధనమును నడుపవలెను. దానిని పెట్టెమీదనే నడుపుట కుఱ్ఱవాండ్రు చేయు సాధారణమైన పొరపాటు. కాటావానిచేతనే బస్తాలు మోయించి, వాడు మెల్లగ తూచుచున్నాడనుట వంటిది. మొదట ఒక ప్రవాహముతోను, పిదప నాలుగింటితోను కొలువవలెను. కొలుచుచుండగా టాప్ అను ఆజ్ఞతో ఒక్కొక్క కోరు శ్రమను విడివిడిగ చూడవలెను. మొత్తపు సగటును చూచినవాడు మోసపోవును. మా పెట్టె సగటున నూటికి 30 వంతులే శ్రమించుచున్నట్లు చూపినది, కాని విడదీసి చూడగా ఒక కోరు నూటికి నూఱు పనిలో మునిగియున్నది.

ఈ మాత్రము తెలిసిన పిదప చికిత్స కష్టము కాదు. ఫ్రీబిఎస్‌డిలో నెట్.ఐఎస్ఆర్.డిస్పాచ్ అను అమరికను డైరెక్ట్ నుండి డిఫర్డ్ అను దానికి మార్చినచో, మూటను అందుకొన్న కోరే దానిని తుదివఱకు మోయక, గోనె విప్పి తక్కినవారికి పంచిపెట్టును. 2025 లో వెలువడిన పిఎఫ్‌సెన్స్ 2.8 లో పిపిపిఒఇ పనికి క్రొత్త డ్రైవరే వచ్చినది. ఎపియు2 వంటి పెట్టెకు తరువాతి ఫర్మువేరు ఎక్కించినచో గడియారము అవసరమైనపుడు 1000 నుండి 1400 మెగాహెర్ట్సులకు పెరుగును. మూటల లోపలి సరకునుగూడ తనిఖీ చేయు సురికాటా వంటి అదనపు కాపలా నడచుచున్నచో శ్రమ పెక్కింతలగును. అది నిజముగ కావలెనా యని యోచింపవలెను. అంతేకాని వేగము కొఱకు కావలివానినే తొలగించి, సభ్యుల ఖాతాలున్న కంప్యూటర్లను బయట పెట్టుట తగదు. ఆ సలహా ఇచ్చినవారు మా సభలోనే ఇద్దఱు కలరు.

మా పెట్టెలో మొదటి మార్పు చేసి, సాఫ్ట్‌వేరును క్రొత్తదానికి మార్చి మరల కొలిచితిమి. ఒకే ప్రవాహమునకు కొంత మాత్రమే పెరిగినది. నాలుగు కలిసి 700 దాటినవి. అంతకుమించి కావలెనన్న ఎక్కువ వేగపు గడియారము గల పెట్టెను కొనవలెనని కుఱ్ఱవాడే చెప్పెను. కచేరీలో పండ్రెండు కంప్యూటర్లున్నవి, ఏ దినమునను 200 దాటి వాడుటలేదు. క్రొత్తపెట్టె మాట అంతటితో విడిచిరి. కుఱ్ఱవాని కూలిని ఆ సాయంకాలమే కార్యదర్శి తానుగ వాని యింటికి పోయి ఇచ్చివచ్చెను.