లాసాల్ పాఠశాలలు: విద్య, క్షేమము, సంఘజీవనము

ప్రాథమిక పాఠశాలను గూర్చి విచారించునపుడు విద్య, బాలుర క్షేమము, సంఘజీవనము అను మూడింటిని వేర్వేరు ప్రకరణములుగా విభజించుట మనకు పరిపాటి. ఈ మూడును ఒకే ప్రశ్నకు సమాధానములని చూపిన పాఠశాలలు పదునేడవ శతాబ్ది చివర ఫ్రాన్సు దేశమున వెలసినవి. వానిని నెలకొల్పినవాడు జాన్ బాప్టిస్ట్ డి లా సాల్ (1651–1719) అను కతోలిక గురువు. ఆ ప్రశ్న యిది: బీదవాని బిడ్డ బడిలో నుండు కాలము మిక్కిలి స్వల్పము, ఆ స్వల్పకాలమున వానికి ఏమి యీయవలెను? వానిని బడిలో నిలుపుట యెట్లు?

లాసాల్ రేమ్స్ నగరమున సంపన్న కుటుంబమున జన్మించెను. 1678లో గురుపట్టము పొందెను. మఱుసటి యేడు ఆద్రియాన్ నీల్ అను నతడు బీదబాలురకు బడి పెట్టుటకై ఆ నగరమునకు రాగా, అతనికి తోడ్పడుటతో లాసాల్ ఈ కార్యమున ప్రవేశించెను. నాటి బడిపంతుళ్లకు తగిన శిక్షణయు లేదు, సంఘమున గౌరవమును లేదు. 1681లో లాసాల్ వారిని తన యింటికే తెచ్చి తనతో నుంచుకొనెను. బంధువులకు ఇది రుచింపలేదు. రేపటి బ్రతుకును గూర్చి ఉపాధ్యాయులు బెంగపడగా, సంపదగల తాను వారికి ధైర్యము చెప్పుట పొసగదని ఆతడు గ్రహించెను. 1683లో ప్రధానాలయమున తనకు గల పదవిని విడిచెను. పిదప వచ్చిన కఱవులో తన ధనమును ఆకలిగొన్నవారికి పంచిపెట్టెను. ఆ ఉపాధ్యాయ సమాజమువారు గురుపట్టము లేని సన్యస్తులు. తమ్ము తాము ‘సహోదరులు’ అని పిలుచుకొనిరి.

వీరి బోధనాక్రమము ‘క్రైస్తవ పాఠశాలల నిర్వహణ’ అను గ్రంథమున వివరింపబడినది. దాని 1706 నాటి వ్రాతప్రతి నిలిచియున్నది. 1720లో అవిన్యోన్ నగరమున అది ముద్రితమయ్యెను. అంతకుముందు సామాన్యముగా బాలు రొక్కొక్కరే పంతులు చెంతకు పోయి పాఠ మొప్పగించుచుండగా తక్కినవారు ఊరక కూర్చుండెడివారు. లాసాల్ సమానస్థాయి గల బాలురను తరగతిగా చేర్చి, ఒకడు చదువుచుండగా అందఱును అనుసరించునట్లు చేసెను. ఈ మార్గమున ఆతడే ప్రథముడని చెప్పరాదు. లియాన్ నగరమున శార్ల్ దెమియా 1667 నుండియే బీదల బడులను నడిపెను. ఐనను ఈ పద్ధతిని స్థిరపఱచి విస్తరింపజేసిన ఘనత లాసాల్ సమాజమునకు చెందును.

భాషావిషయమున ఆతడు చేసిన మార్పు మనకు విశేషముగ గమనింపదగినది. ఆ కాలమున చదువు లాటినుతో నారంభమగుట ఆచారము. లాసాల్ ఫ్రెంచి భాషనే ముందుంచెను; దానిని చక్కగ చదువనేర్చిన పిదపనే లాటిను. ఆతని వాదము సూటియైనది: బీదబాలుడు త్వరలోనే పనికి పోవును, అర్థము తెలియని భాషలో అక్షరములు కూడబలుకుచు ఆ కొలది కాలమును గడపినచో, వానికి లాటినును రాదు, ఫ్రెంచియును రాదు. అంతియకాక, పై తరగతుల బాలురచే చేవ్రాతలను చదివించి, రసీదులు, ఒప్పందములు, కౌలు పత్రములు వ్రాయించెడివారు. ఆ చదువు బ్రతుకున అక్కఱకు వచ్చునది.

ఇట్టి చిక్కు మన దేశమునను కలదు. బళ్లారి కలెక్టరు క్యాంబెల్ 1823లో వ్రాసిన నివేదికయందు, తెలుగు కన్నడ బడుల పిల్లలు వాడుకకు దూరమైన కావ్యభాషలోని పద్యములను అర్థ మెఱుగకయే వల్లించుచున్నారని విచారము వెలిబుచ్చెను. దేశములు వేఱు, భాషలు వేఱు; నష్టపోయినది మాత్రము పసివాని కాలమే.

నిర్వహణ గ్రంథమున హాజరును గూర్చిన భాగము తక్కిన వానికంటె లోతైనది. బాలుడు బడికి రాకుండుటకు కారణము బాలునియందు, తలిదండ్రులయందు, ఉపాధ్యాయునియందు నుండవచ్చునని అది విభజించును. ఈ మూడవది చెప్పుటకు ధైర్యము కావలెను. కఠినుడై ప్రేమను సంపాదింపనేరని ఉపాధ్యాయునికి బాలుడు దూరమగునని ఆ గ్రంథము నిస్సంకోచముగ పలుకును. రానివారి యిండ్లకు పోయి విచారించుటకు ఆయా వీధుల బాలురనే నియమించెడివారు. హాజరుపట్టీలోని ఖాళీ గడి ఇట్లు ఒక యింటి తలుపు తట్టుటకు హేతువయ్యెను.

భోజన విషయమును ఇట్టిదే. బాలురు ఉదయపు ఫలహారమును, సాయంకాలపు చిఱుతిండిని బడిలోనే భుజించెడివారు. మిగిలిన రొట్టెను ఒక బాలుడు ప్రోగుచేయగా అది తమలోని బీదలకు పంచబడెడిది. గంట మ్రోగించుట, తాళపుచెవులు భద్రపఱచుట, గది ఊడ్చుట, ప్రార్థన చెప్పించుట మున్నగు పనులును బాలురవే. క్షేమము, సహజీవనము ఇట్లు దినచర్యలో నిమిడియుండెను.

ఈ పాఠశాలలయందు దోషములు లేకపోలేదు. ఇవి మగపిల్లలకు మాత్రమే యుద్దేశింపబడినవి. దండన మితముగ నుండవలెనని బోధించినను బెత్తమును పూర్తిగ విడువలేదు. పిల్లలను బడికి పంపని తలిదండ్రులకు భిక్ష మానవలెనను సూచన నేటి మనస్సునకు కటువుగ తోచును. మన దేశమున 2009 నాటి విద్యాహక్కు చట్టము శారీరక దండనను నిషేధించినది. ఈ విషయమున మనము లాసాల్‌ను దాటి రావలసినదే.

లాసాల్ 1900లో పునీతునిగ ప్రకటింపబడెను. 1950లో పన్నెండవ పయస్ పోపు ఆతనిని ఉపాధ్యాయుల పాలకపునీతునిగ నిర్ణయించెను. ఐనను ఆతని నిజమైన స్మారకము ఆ హాజరుపట్టీయే యని నా యభిప్రాయము. ముందు వరుస బాలుని మార్కులను బట్టి పాఠశాల యోగ్యతను నిర్ణయించుట సులభము. నేడు బడికి రాని బాలుడెవడు, ఏల రాలేదు, వానికై ఎవరు పోయిరి అను ప్రశ్నలకు సమాధానము చెప్పగల పాఠశాలయే విద్యను, క్షేమమును, సంఘమును ఏకముగ నెఱిగినది.