శాస్త్రం కన్నా ముందున్న న్యాయం

1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించారు. అలాంటి పెళ్లిని చట్టం 1856లోనే సమ్మతించినా, ఊరు సమ్మతించలేదు. వంటవాళ్లు, నీళ్లవాళ్లు ఆయన ఇంటికి రావడం మానేస్తే భార్య రాజ్యలక్ష్మమ్మ స్వయంగా గోదావరి నీళ్లు మోశారు. వెలివేసినవాళ్లు నీతిని కాపాడుతున్నామనే నమ్మారు. నీతి అంటే కాలాన్నీ కులాన్నీ బట్టి మారే కట్టుబాటే అయితే, ఆనాటికి వాళ్లదే ఒప్పు, వీరేశలింగానిదే తప్పు. ఆ మాట అనడానికి నేడు మనకు నోరు రాదు. ఎందుకు రాదో ఆలోచిస్తే నీతికి ఆధారమేమిటో తెలుస్తుంది.

నీతికి మూలం మతమేనన్నది చాలామంది నమ్మకం. ఈ చరిత్ర దాన్ని బలపరచదు. 1855లో ఈశ్వరచంద్ర విద్యాసాగర్ పరాశర స్మృతిని చూపి పునర్వివాహం శాస్త్రసమ్మతమన్నారు. వీరేశలింగమూ ఆ దారిలోనే వాదించారు. ఎదుటి పండితులూ శాస్త్రాలతోనే ఖండించారు. సతిని 1829లో నిషేధించినప్పుడూ ఇదే జరిగింది. రామమోహన్ రాయ్ గ్రంథాలు చూపి నిషేధాన్ని సమర్థించారు. నిషేధాన్ని వ్యతిరేకించిన ధర్మసభ వారు ఆ గ్రంథాల పేరుతోనే లండన్ ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లి 1832లో ఓడిపోయారు. ఇరుపక్షాలకూ శ్లోకాలు దొరికినప్పుడు దేన్ని పాటించాలో తేల్చడానికి వేరే కొలత కావాలి. పసితనంలోనే భర్త పోయిన పిల్లకు తల గొరిగించి మూల కూర్చోబెడితే ఆమె బతుకు ఏమవుతుందన్న ప్రశ్నే ఆ కొలత. భార్య పోయిన మగవాడు మళ్లీ పెళ్లాడితే అదే సమాజం తప్పు పట్టలేదు. తనకు వర్తించని నియమాన్ని ఇంకొకరి నెత్తిన రుద్దడం ఏ కాలంలోనైనా అన్యాయమే.

అలాగని మతానికి పాత్ర లేదనలేం. వెలి భరించే ధైర్యం వీరేశలింగానికి దైవభక్తి నుంచీ వచ్చింది. అయితే 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టిన గోరా, దేవుడు లేడంటూనే అంటరానితనంపై జీవితమంతా పోరాడారు. అంబేద్కర్ 1927లో మహద్‌లో మనుస్మృతిని తగలబెట్టి, 1956లో నాగపూర్‌లో బౌద్ధం స్వీకరించారు. ఒక ధర్మాన్ని కాదని మరొకటి ఎంచుకున్నారంటే, రెంటినీ తూచే సమానత్వ భావన ఆయనలో ముందే ఉంది. మతం మంచికి బలాన్నీ తోడునూ ఇవ్వగలదు. ఏది మంచో తేల్చే అధికారం మాత్రం దానికొక్కదానికే లేదు.

ఒకరి సంస్కృతిని తప్పుపట్టడానికి ఇంకొకరెవరన్న ఆక్షేపణ బరువైనదే. సామ్రాజ్యాలు నాగరికత నేర్పుతామంటూనే దేశాలను దోచాయి. అయితే ఆ దోపిడీని తప్పనాలన్నా అందరికీ వర్తించే న్యాయం ఒకటుండాలి. పైగా సంస్కృతి అంతా ఒకే గొంతుతో మాట్లాడదు. ఆచారం పేరిట పండితులు, పెద్దలు మాట్లాడారు గానీ వితంతువును అడిగిన వారు అరుదు. రాయ్, విద్యాసాగర్, వీరేశలింగం బయటివాళ్లు కారు, ఆ సమాజంలో పుట్టినవాళ్లే.

నీతి అందరికీ ఒకటే అయితే ఇన్ని భేదాలెందుకన్నది మరో ప్రశ్న. తిండి, బట్ట, పెళ్లి తంతు వంటి భేదాలతో ఎవరికీ హాని లేదు, వాటిని ఉండనివ్వాలి. కొన్ని భేదాల వెనక ఉన్నది తప్పుడు నమ్మకం. వితంతువు పాపమే భర్తను మింగిందనుకున్నంత కాలం ఆమెను శిక్షించడం న్యాయంగా తోచింది. ఆ నమ్మకం అబద్ధమని తేలాక శిక్షకు ఆధారమే లేదు.

ఆడపిల్లలను దేవుడి పేరుతో అంకితం చేసే జోగినీ వ్యవస్థను ఆంధ్రప్రదేశ్ 1988లో చట్టంతో నిషేధించింది. కులం దాటి పెళ్లాడిన పిల్లలను పరువు పేరుతో చంపడం మాత్రం ఇంకా ఆగలేదు. చంపినవాళ్లూ ఆచారాన్నే సాక్ష్యంగా పిలుస్తున్నారు. ఆచారం ఎంత పాతదైనా, దేవుడి పేరుతో వచ్చినా, దాని కింద నలిగిన మనిషికి జవాబు చెప్పి తీరాలి. చెప్పలేని ఆచారాన్ని వదులుకోవడమే ధర్మం.