గాలికి వంతెన కూలుతుందా?

కూలుతుంది. 1940 నవంబర్ 7న అమెరికాలోని టకోమా నేరోస్ వంతెన గంటకు సుమారు 64 కిలోమీటర్ల గాలికే మెలికలు తిరిగి కూలిపోయింది.

ఎందుకు? గాలి వంతెనను కదిలించింది. ఆ కదలిక గాలి దారిని మార్చింది. మారిన గాలి ఊపును ఇంకా పెంచింది.

దీన్ని ముందే పసిగట్టడం ఎలా? కంప్యూటర్‌లో వంతెన చుట్టూ ఉండే గాలిని లక్షల చిన్న గళ్లుగా విడగొడతారు. ప్రతి గడిలో గాలి వేగాన్ని, ఒత్తిడిని ఓపెన్‌ఫోమ్ అనే సాఫ్ట్‌వేర్ లెక్కకడుతుంది. ఆ ఒత్తిడికి వంతెన ఎంత వంగుతుందో కాల్క్యులిక్స్ అనే మరో సాఫ్ట్‌వేర్ చెబుతుంది. రెంటి మధ్య అంకెలు చేరవేసేది ప్రిసైస్ అనే మూడో సాఫ్ట్‌వేర్. వంతెన వంగితే గళ్లూ జరుగుతాయి, గాలి లెక్క మళ్లీ మొదలవుతుంది. రెండు లెక్కలూ పొసిగాకే తర్వాతి క్షణానికి వెళ్తారు.

ఈ మూడు సాఫ్ట్‌వేర్లూ ఉచితమే. గాలికి వంగే చిన్న రేకు నమూనాతో మీరూ మొదలుపెట్టవచ్చు.